ఏ స్టేషనులో దించారో

ఆ ఏడాది నానమ్మ తుంటి విరిగి మంచం పట్టింది. నయా రాయపూర్‌లో ఆఫీసు అయ్యాక బస్సు దిగి, దేవేంద్ర నగర్‌లోని మా ఇంటికి చేరేసరికి నా కోసం చూస్తూ ఉండేది. పాత పుస్తకాల బండి మీద కొన్న ఇంగ్లీషు పుస్తకం తీసి, రోజుకు రెండు మూడు పేజీలు ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. పోలండులో ఒక జమీందారీ కుటుంబం చరిత్ర అది.

ఆ దేశంలో చుట్టరికం లేని ఎన్నో ఇళ్లవాళ్లకు ఒకటే వంశచిహ్నం ఉంటుందని చెబితే, "గోత్రంలాటిదన్నమాట" అని తేల్చేసింది. అప్పటినుంచి వాళ్లు మా వాళ్లే.

తరవాత యుద్ధం వచ్చింది. సైనికులు ఆ ఇంటి ఆడవాళ్లను గూడ్సు పెట్టెల్లో కుక్కి తూర్పుకు పంపారు. చిన్నకూతురికి జ్వరం. దారిలో ఆ పిల్లను దించేశారు, తల్లిని దిగనివ్వలేదు.

"ఏ టేసన్లో?"

"రాయలేదు నానమ్మా."

"రాయకపోడమేటే? మాల్‌గాడీకి గార్డుంటాడా, ఉండడా? ఎక్కడాగిందో, ఏటి దింపేరో అంతా గార్డు బుక్కులో ఉంటాది. సరిగ్గా సూడు. టేసను తెలక ఆ తల్లి ఎక్కడని ఎతుకుతాది?"

మా తాతయ్య గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి ఒక్క నిమిషం ఆగినా రాసేవాడట.

పుస్తకం చివర వంశవృక్షం ఉందని నానమ్మకు మొదట్లోనే చెప్పాను. ఆ పిల్ల పేరు కింద పుట్టిన సంవత్సరం, ఒక అడ్డగీత, ఆ తరవాత ఏమీ లేదు. ఆ మాట నానమ్మతో అనలేకపోయాను. ఆమె మాత్రం రోజూ అడిగేది.

"దొరికిందని చెప్పెయ్యవే," అంది అమ్మ వంటింట్లోంచి, మెల్లగా. "పోలండోళ్లొచ్చి నిన్ను నిలదీసి పూఛ్‌తాఛ్ చేస్తారా ఏటి?"

డైరీలో ఒక స్టేషను పేరు కల్పించి రాసుకున్నాను కూడా. మంచం పక్కన కూర్చున్నాక, చెప్పకుండానే ఆ పేరు కొట్టేశాను.

ఒక సాయంత్రం నానమ్మ పుస్తకం తనే అందుకుని చివరి పేజీ తీయించింది.

"ఏదీ, ఆ పిల్ల?"

చూపించాను. ఇంగ్లీషు అక్షరం రాని ఆమె వేలు అడ్డగీత దాటి ఖాళీలో ఆగింది.

"ఇక్కడ జాగా వదిలేరు కదే. తెలిసేక రాద్దారనే కదా. ఎతుకు."

ఏమీ దొరకదని తెలిసే పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. నానమ్మ నా చేతులవైపే చూస్తోంది.