కొంచెం నీలం ఎక్కువైన ఆకుపచ్చ

ఎండలో నిలబెట్టిన పాత కారు తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది. కాగిన రెగ్జిన్, సీటులోని పాత స్పాంజి, ఎప్పుడో ఒలికిన పెట్రోలు. పోయిన వారం ఆరంగ్ నుంచి సేఠ్‌జీ తన ముస్టాంగ్‌ను మళ్లీ మా షెడ్డుకు తెచ్చారు. ఎడమవైపు స్టీరింగు ఉన్న ఆ ఆకుపచ్చ అమెరికా కారు తలుపు తీసి, ఆ వాసన తగిలాక కాసేపు పని మొదలుపెట్టలేకపోయాను. ఇదే కారు పక్కన భాస్కరరావు గారు ఇస్త్రీ చొక్కా నలగకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు.

ఆయనది విజయనగరం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. పుట్టి పెరిగింది రాయ్‌పూర్‌లోనే. రైల్వేలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మందిర్ హసౌద్ దగ్గర పాత కార్లను బాగుచేసే షెడ్డు పెట్టారు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, మోవాలోని మా ఇంటి నుంచి రోజూ అక్కడికి వెళ్లేవాడిని. మొదటి పనిగా ఈ ముస్టాంగ్‌లోని లోపాలన్నీ వరసగా రాసి చూపించాను. డిక్కీ లోపల రంగు కారి గడ్డకట్టింది. ఇంజను వెనక రేకు మీద ఎవరో పసుపు సుద్దతో అడ్డంగా గీశారు. ఎడమ తలుపు సందు కుడిదానికంటే వెడల్పు. సీటు అంచులు పగిలాయి. ముందు కుడి మడ్‌గార్డుకు ఏదో బస్సు రంగు వేశారు.

ఆయన కాగితం చూసి నవ్వారు. "ఏటి ఇంజినీరూ, అన్నీ ఒకే గాటన కట్టేసినావు? ఆ సుద్దగీత తనిఖీ చేసినోడు గీసింది. కారిన రంగు కూడా ఫ్యాక్టరీదే. అది కంపెనీ తప్పు, ముట్టుకోకు. సీటు పగులు కాలం తప్పు, పెరక్కుండా ఆపు చాలు. బస్సు రంగు మనలాంటోళ్ల తప్పు. సరిచెయ్యాల్సింది ఆ మూడోదొక్కటే."

"అయితే కొత్తదానిలా మెరవదు కదా సార్."

"కొత్తది కావాలంటే షోరూముకి పోతారు భాయ్. మన దగ్గరికెందుకు?"

ఆ మూడు వరసలు నాకు వెంటనే నచ్చాయి. వరసలు పెట్టుకుంటేనే పని నడిచే మనిషిని నేను. ఆయనకు మాత్రం అవి లెక్కలు కావు, మర్యాదలు.

మడ్‌గార్డు రంగు ఆయనే కలిపారు. ఊళ్లో రంగు కలిపే యంత్రం ఉందని చెబితే ఒప్పుకోలేదు. అది కొత్త ఆకుపచ్చ ఇస్తుందనీ, మనకు కావలసింది ఇన్నేళ్లు ఎండలో తిరిగిన ఆకుపచ్చ అనీ వాదించారు. అది నిజమే. తన కన్ను తప్పదని ఆయనకు గర్వం, అది కూడా నిజమే. స్టీలు గ్లాసులో చుక్కచుక్కగా కలుపుతూ, రేకు ముక్క మీద పూసి, తలుపు పక్కన పెట్టి చూశారు.

"సార్, నీలం కొంచెం ఎక్కువైంది."

"నీలమా? జ్వరమేటి నీకు?"

మర్నాడు మళ్లీ చెప్పాను. "నీవి కంప్యూటర్ కళ్లు, వాటికి రెస్టివ్వు" అని మడ్‌గార్డుకు అదే రంగు కొట్టించారు. సేఠ్‌జీ వచ్చి చూసి సంతోషించారు. సీట్ల పని మిగిలి ఉండటంతో కారు షెడ్డులోనే ఉంది. అప్పుడే భాస్కరరావు గారికి శుక్లాల ఆపరేషన్లు జరిగాయి.

కొన్ని వారాల తర్వాత నల్లద్దాలతో వచ్చారు. నీడలోకి రాగానే అవి తీసి, ముందు తన చొక్కా చూసుకున్నారు. "ఇదింత తెల్లగుందేటి? పచ్చబడిపోయిందని మా ఆవిడ మీద ఎన్నాళ్లు ఎగిరినాను." ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన కారు వైపు తిరిగారు. తలుపునూ మడ్‌గార్డునూ మార్చిమార్చి చూశారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నువ్వు చెప్పినావు కదా?"

"చెప్పాను సార్."

"గట్టిగా చెప్పొద్దూ?"

"చెబితే జ్వరమా అన్నారు."

ఆ మాటకు ఆయన నవ్వలేదు. శుక్లాలు కంటిలోకి వచ్చే నీలాన్ని అడ్డుకుంటాయి. ఎక్కువైన నీలం అందుకే ఆయనకు కనబడలేదు. ఇది చెప్పి ఓదార్చబోతే చెయ్యెత్తి ఆపారు. "మూడో వరస. గీకెయ్." సేఠ్‌జీ ఫోనులో "దోనో హరా హీ తో హై", రెండూ ఆకుపచ్చే కదా, అన్నా వినలేదు. ఈసారి గ్లాసు నా చేతికిచ్చారు. "నువ్వు కలుపు. నేను చూస్తాను." అన్నేళ్లుగా ఎవరికీ ఇవ్వని గ్లాసు అది.

గీకేటప్పుడు మడ్‌గార్డు లోపలివైపు అరచేతి మేర ఆయన రంగును వదిలేశాను. ఆయన వంగి చూసి, దాని మీద వేలు పెట్టారు.

"ఇదొదిలేసినావేటి?"

"లోపల కదా సార్. ఎవరికీ కనబడదు."

"నాకు కనబడతాది కదా" అన్నారు. గీకమని మాత్రం అనలేదు.

మరుసటి ఏడు ఆయన లేరు. గుండె నొప్పి, ఆసుపత్రి దారిలోనే. కొత్త కళ్లతో ఎన్నో చూడాలని చెప్పుకున్న మనిషి. వానాకాలంలో మహానది చూడటానికి ఆరంగ్ వైపు వెళదామన్నారు. వెళ్లలేదు.

ఇప్పుడు అదే మడ్‌గార్డు లోపల తుప్పు పట్టింది. గీకి శుభ్రం చెయ్యమని సేఠ్‌జీ కోరిక. అలవాటు ప్రకారం లోపాలను మూడు వరసల్లో రాశాను. అరచేతి మేర ఆకుపచ్చ దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఆయన నేర్పిన లెక్క ప్రకారం అది మూడోదే, తీసెయ్యాలి. ఆయన చూసిన రంగు కూడా అది కాదనీ, ఆయనకు తేడా తెలియని రంగు మాత్రమేననీ చదువుకున్నవాడిగా నాకు తెలుసు. అయినా చుట్టూ తుప్పంతా గీకి, దాని అంచున చెయ్యి ఆపాను. తడి తగలకుండా దాని మీద రంగులేని వార్నిషు పూశాను. వరసల్లో ఎక్కడా రాయలేదు.

అది ఆరేదాకా మడ్‌గార్డు కింద తల పెట్టి చూస్తూ ఉన్నాను. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎక్కువైంది సార్. కొంచెమే ఎక్కువైంది.