ఏడాదికొక చూపు

పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు నడిపే ఓ అమలాపురం ఆఫీసులో డేటాబేసు చూసుకునేది ఉదయభాస్కర్. ఏటా ఓసారి సర్వరులో చోటు నిండి వెతుకులాట నెమ్మదించినప్పుడు, బొటనవేలి గోరు కొరుక్కుంటూ, ఏడాదిగా ఎవరూ తెరవని పేజీలన్నీ ఏరి తీసేస్తాడు. "ఇప్పుడు పరిగెడుతోందండీ!" అని ఓనరుగారు మెచ్చుకుంటే, "ఆయ్" అని ముక్తసరిగా తలూపుతాడు. తీసేసే ముందు మాత్రం అక్క యామిని పేజీని తనే ఒకసారి తెరుస్తాడు. అలా తెరిస్తే అది మరో ఏడాది బతుకుతుంది.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క ఫోను పట్టుకుని గుమ్మంలోనే ఎదురైంది. "నా ఫొటో ఎవరో చూసేరని మెసేజొచ్చిందిరా తమ్ముడూ! పోయినేడు చూసినవాళ్ళేనేమో. మనసులో ఉండబట్టే కదా మళ్ళీ చూసేరు?"

"అంతే అయ్యుంటుందక్కా," అన్నాడు, చెప్పులు విప్పడానికి వంగినవాడు తలెత్తకుండానే.

పెరట్లో దండెం మీద ఆమె పట్టుచీర అప్పటికే గాలికి ఆరేసి ఉంది.