నర్సమ్మ విన్న గుండెలు

కర్నూలు నుంచి వచ్చిన మా మరిది చెప్పులు విడుస్తూనే, "వదినా, మన నర్సమ్మ పోయినాదంట," అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. గుండె దడదడా కొట్టుకుంది, ఊపిరి పైపైన ఆడింది. అలా ఎందుకవుతుందో నాకు చెప్పిన మనిషే ఇక లేదు.

మేము కడపకు రాకముందు కర్నూలులో ఆమె మా పక్కింట్లో ఒంటరిగా అద్దెకుండేది. ఆడవాళ్ల ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గడపలో కూర్చుని వేయించిన వేరుశనగలు తినేది. ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చూపు వాళ్ల గొంతు గుంట మీదే ఉండేది. మనిషి నోరు దాచినా ఊపిరి దాచదనేది.

కలరా వచ్చిన ఎండాకాలం నా తొలిచూలు కొడుకు పోయాడు. ఆ తర్వాత ఒక పగలు జొన్నలు చెరుగుతుంటే చేతిలోంచి చేట జారిపోయింది. ఎంత పీల్చినా గాలి చాలలేదు. వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. అది మళ్లీ మళ్లీ రావడంతో మా అత్త గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలిపించింది. అతను వేపమండలతో కొట్టాడు. కొట్టినకొద్దీ నాకు ఊపిరి ఎగదన్నింది. ఎగదన్నినకొద్దీ అతను కొట్టాడు. చివరికి, "ఈమెను పుట్టింటికి తోలేయండి, లేకుంటే ఈ ఇంట్లో ఇంకో ప్రాణం పోతాది," అని చెప్పి వెళ్లాడు. మా ఆయన తల వంచుకున్నారు. ఆలూరులోని మా పుట్టింటికి ఎద్దులబండి మాట్లాడారు.

బండి వాకిట్లోకి వచ్చినప్పుడు నర్సమ్మ లోపలికి వచ్చింది.

"పెద్దమ్మా, బండి కొంచేపు నిలబెట్టు."

"నీకేం తెల్సమ్మే? దానికి పట్టింది మందులకు పోయేది గాదు," అంది అత్త.

నర్సమ్మ వాదించలేదు. అత్త చేయి పట్టుకుని అత్త గుండె మీదే ఆనించింది. "ఇదేంది మరి? నీదీ దడదడలాడతాండాది. నీకూ పట్టిందా?"

అత్త ఉన్నట్టుండి కూలబడి, "పిల్లోడు కండ్ల ముందర నుంచి పోకుండాడే," అని గొల్లుమంది. బిడ్డ పోయాక ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

బండి ఖాళీగా వెళ్లిపోయింది.

నర్సమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. "భయమేస్తే ఒళ్లు పరిగెత్తనీకి తయారైతాది. కాళ్లకు రక్తం కావాల, రక్తానికి గాలి కావాల. అందుకే గుండె, ఊపిరి రెండూ బిరబిరా పోతాయి. యెనక పులి పడినా అంతే, లోపల దిగులు పడినా అంతే. ఒంటికి తేడా తెలీదు. నీకు పరిగెత్తనీకి దావ లేదు పాపా. కూసున్న చోటనే పరిగెత్తుతాండావు." తర్వాత నా వేళ్లు ఒత్తుతూ, "గాలి చాలక గాదు, శానా పీల్చేదానికే ఈ తిమ్మిరి. పీల్చేది ఇడిసిపెట్టు. నిదానంగా వదిలేది చూడు," అంది.

ఆ దడ ఒక్కసారిగా పోలేదు. కానీ దాని పేరు దయ్యం కాదని తెలిసింది. ఆ తెలియడం మీదే నేను బతికాను.

గర్భిణుల కడుపు మీద పెట్టి లోపలి బిడ్డ గుండె వినే చెక్కగొట్టం ఆమె దగ్గర ఉండేది. ఒకసారి మిద్దె మెట్లెక్కి దిగి, తన గుండె నన్ను వినమంది. వేగంగా వినిపించింది. మధ్యలో తడబడింది కూడా.

"అక్కా, ఇది అడుగు తప్పుతాండాదే!"

"చిన్నప్పుడు కీళ్లజ్వరమొచ్చి చెడిందిలే," అని నవ్వేసింది.

ఆమెను ఆఖరుగా చూసింది యుద్ధం రోజుల్లో. బాగాలేదని తెలిసి, పెట్రోలు కరువై బొగ్గుతో నడుస్తున్న బస్సెక్కి కడప నుంచి కర్నూలు వెళ్లాను. పాదాలు వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చుంది. నేను తెలివిగా, "నిదానంగా వదులక్కా," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నీది భయం పాపా. నాది జబ్బు. గుండె నెట్టలేకుంటే రక్తం ఊపిరితిత్తుల్లోనే నిలబడతాది. నీకు చెప్పింది నాకు పనిచెయ్యదు." ఊపిరి కూడగట్టుకుని, "భయం గూడా ఉండాదిలే," అంది.

గోడ గట్టిగా ఉండి వీపు నొప్పెడుతోందంటే, ఆమె వెనక చేరి నా వీపు ఆనించి కూర్చున్నాను. కాసేపటికి ఆమె తల నా భుజం మీదికి వాలింది. నిద్రపట్టింది. ఆమె ఊపిరి నా వీపులోకి ఎగిసి, ఆగి, మళ్లీ ఎగిసింది. కిటికీలోంచి పడిన ఎండ నేల మీద జరుగుతూ నా మోకాళ్ల దాకా వచ్చింది. నేను కదల్లేదు.