ఆనపపాదుకు నేను చేసిన సేవ

ఒక చిన్న కత్తెరతో, ఆరు రోజుల్లో, ఎక్కడా రక్తం చుక్క పడకుండా ఒక వంశాన్ని దాదాపు అంతం చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు ఆయన రాసిందే చదువుతున్నారు. ఇదంతా చదివాక మీరు నన్ను మీ పెరట్లోకి రానివ్వకపోయినా నేనేమీ అనుకోను.

మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి, ఉద్యోగం ఇంకా చేతికి రాక, నిడదవోలులో మా ఇంట్లో కూర్చుని తింటున్న రోజులవి. ఇంటికి కొత్తగా ఫోను వచ్చిన ఏడాది. ఉగాది పది రోజులుందనగా పిఠాపురంలో మా పెద్దమ్మ బావి గట్టు మీద జారి కాలు బెణికించుకుంది. సాయానికి అమ్మ ఆదివారం బయల్దేరింది, శనివారానికి వచ్చేస్తానంది. ఇంట్లో మిగిలింది నాన్న, నేను. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. పెరటి వైపు వరండాలో పడక్కుర్చీ ఉండేది, దాని మీద పేపరు ఉండేది, పేపరు వెనక నాన్న ఉండేవారు. నిండు కాఫీ గ్లాసు లోపలికి వెళ్ళి ఖాళీగా బయటికి రావడాన్ని బట్టి వెనక మనిషి ఉన్నాడని మేం నమ్మేవాళ్ళం.

కనుక పెరడు నాకు అప్పగించారు. అమ్మ చీరలు మడతపెడుతూ చెబుతూ పోయింది, నేను నంబర్లు వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొత్తం ఇరవై మూడు అంశాలు. ఒకటి: తులసికి చెంబుడు నీళ్ళు, మొదలు దగ్గరే పోయాలి. ఆరు: మల్లెమొగ్గలు సాయంత్రం నాలుగింటికి కొయ్యాలి, అరచేతిలో బరువు తెలిసేవే కొయ్యాలి. బరువంటే ఎన్ని గ్రాములని అడిగాను. అమ్మ నా వైపు ఒకసారి చూసి ఏడో అంశానికి వెళ్ళిపోయింది. పదకొండు: కరివేపాకుకి పుల్లమజ్జిగ. ఇరవై మూడు: ఆనపపాదు జాగ్రత్త.

ఆ పాదు మామూలుది కాదండి. పక్కింటి సత్యవతి పిన్నిగారు కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళ అమ్మగారు కొంగున ముడేసి పంపిన విత్తనం. కాయ పొట్టిగా, గుండ్రంగా, పూజ చెంబులా ఉంటుంది. ఏటా ఒక కాయని పందిరి మీదే ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిదలో కలిపి దాచేవారు. ఆ ఏడు సగం గింజలు తాను పెట్టుకుని సగం అమ్మకిచ్చారు. వాళ్ళ పాదుని మేక మేసేసింది. మా ఇంట్లో మొలిచింది ఒక్కటే. అంటే ఆ వంశం మొత్తం మా స్నానాల గది పక్క పందిరి మీద వేలాడుతోందన్నమాట. మా వైపు విత్తనం ఊరికే పుచ్చుకుంటే తొలికాయ ఇచ్చినవారికే చెందుతుంది. ఉగాదినాటికి నిలిచిన పిందెను చూపిస్తానని, దాన్ని విత్తనానికే వదిలేద్దామని అమ్మ పిన్నిగారికి మాటిచ్చి వెళ్ళింది.

మొదటి రోజు హాయిగా గడిచింది. అసలు ఆ వారమంతా ఎంత బావుందో చెబితే మీకు అసూయ పుడుతుంది. తెల్లవారకముందే కోయిల, అది మానగానే మా నాన్న దగ్గు. వరండా నిండా వేపపువ్వు, తుడిచిన చోటే మళ్ళీ రాలేది. రాలిన మామిడి పిందెలు ఉప్పూకారం అద్దుకుని తింటే పళ్ళు జివ్వుమనేవి. సాయంత్రం కాలిన గచ్చు మీద బిందెడు నీళ్ళు చల్లితే లేచే ఆ వాసన! ఇన్ని సుఖాలకీ వెనక రోజూ ఎవరి చెయ్యి ఉందో ఆ వయసులో నేను ఆలోచించలేదు. ఇవన్నీ ఫ్యానులాగా స్విచ్చేస్తే తిరుగుతాయనుకున్నాను.

సోమవారం పొద్దున్న కాఫీతో పందిరి కింద కూర్చున్నాను. నా చదువు అక్కడే నిద్రలేచింది. పాదు మొగ్గల్లో రెండు రకాలున్నాయి. కొన్నిటి వెనక చిటికెనవేలంత నూగు పిందె ఉంది. చాలావాటి వెనక ఏమీ లేదు, పొడుగాటి కాడ చివర మొగ్గ అంతే. లెక్కపెట్టాను. పిందెలున్నవి రెండు, లేనివి పద్నాలుగు! తినేవాళ్ళు పద్నాలుగు మంది, పని చేసేవాళ్ళు ఇద్దరు. ఏ ఫ్యాక్టరీ అయినా ఇలా నడుస్తుందా? ఈ సోమరిపోతు మొగ్గలకు పోయే శక్తినంతా పిందెలకు మళ్ళిస్తే కాయలు ఎంతెంత అవుతాయో ఊహించుకుని నాకే ఒళ్ళు పులకరించింది. అమ్మ జాబితాకి ఇరవై నాలుగో అంశం నేనే చేర్చాను: వృథా నివారణ. పిచ్చివాడి చేతిలో రాయి గురించి పెద్దలు చెప్పారు గానీ డిప్లొమావాడి చేతిలో కత్తెర గురించి చెప్పడం మరిచిపోయారు.

మీరడగొచ్చు, బడిలో పుప్పొడి గురించి చదువుకోలేదా అని. చదివాను. మందారపువ్వు బొమ్మ స్కెచ్ పెన్నులతో వేసి నాలుక్కి నాలుగు మార్కులు తెచ్చుకున్నాను. పాదుల గురించిన ప్రశ్న ఛాయిస్‌లో వదిలేశాను.

రోజూ పొద్దున్నే కత్తిరించడం, తేదీ వేసి సంఖ్య రాయడం, మొగ్గల్ని పెంటగోతిలో పారెయ్యడం. బుధవారానికి పిందెలు రెండూ పసుపెక్కాయి. గోడ మీంచి పిన్నిగారు తొంగిచూశారు.

"బాబూ, పిందె అలా అయిపోయిందేంటి?"

"పోషకాల లోపమండి పిన్నిగారు. సరిచేస్తున్నాను."

"లోపమా? మా అమ్మ పందిట్లో ఇది బియ్యం కడుగునీళ్ళు తప్ప ఏమీ ఎరగదు నాయనా. దిష్టయ్యుంటుంది. పాత చెప్పు కట్టు."

"అవన్నీ మూఢనమ్మకాలండి."

"సరే, మరి నీ చదువేమంటోంది?"

గురువారం పొద్దున్నకల్లా పందిరికి ఒక చెప్పు వేలాడింది. నాదే, ఎడమది, ఎనిమిదో నంబరు. ఆ రోజే ఆ పిందెలు రెండూ రాలాయి. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి పిందెలు నిలుస్తున్నాయా అని అడిగింది. నిలుస్తున్నాయన్నాను. అబద్ధం కాదండి, ఒక్కోటి మూడేసి రోజులు నిలుస్తోంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ వచ్చింది. సంచి కింద పెట్టకుండానే పెరట్లోకి నడిచింది. తులసిని చూసింది, మల్లెపొదని తడిమింది, పందిరి కిందకొచ్చి ఆగిపోయింది. పైకి ఒక్కసారి చూసిందంతే.

"పువ్వులేవిరా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారట. నేను నోట్‌బుక్ వెనక్కి దాచుకున్నాను. అమ్మ చెయ్యి చాపింది. ఇచ్చాను.

"సోమవారం పద్నాలుగు. మంగళవారం పదహారు..." అమ్మ చివరి దాకా చదివి బట్టలుతికే బండ మీద కూర్చుంది. "ఎనభై మూడు. ఒరేయ్, ఎనభై మూడు మంది పెళ్ళికొడుకుల పీకలు కోసేవు కదరా."

"అవి కాయవు కదమ్మా!"

"అవి కాయవు, కాయిస్తాయి. కాలవ గట్టు మీద పోతుతాటిచెట్లు చూళ్ళేదూ? ఈ మొగ్గ సాయంత్రం విచ్చుకుంటేగానీ ఆడపువ్వుకి పుప్పొడి అందదు. నువ్వు పొద్దున్నే కోసేస్తే పిందె ఎవరి మొహం చూసి నిలబడుతుంది?" ఇక నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయినా కాయనివన్నీ ఏరేసేవు, బానే ఉంది. మరి ఆ పడక్కుర్చీలో ఉన్నదాన్నెందుకు వదిలేసేవు?"

ఆ వారంలో మొదటిసారి పేపరు కిందికి దిగింది. "ముందు వాడి దగ్గర కత్తెర తీసుకో," అన్నారు నాన్న.

నవ్వాం. అప్పుడు చూశాను గోడ అవతల పిన్నిగార్ని. అంతా విన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇంకేమన్నా మిగిలిందా అక్కా?" అని మెల్లిగా అడిగారు.

అమ్మ పందిరంతా వెతికింది. ఆ సాయంత్రం విచ్చుకోబోయే ఆడమొగ్గలు రెండున్నాయి. అవే ఆఖరివి. ఎండలు ముదురుతున్నాయి, పాదు కొసలు అప్పటికే మాడుతున్నాయి. మగమొగ్గ ఒక్కటీ లేదు. నేను చాలా శ్రద్ధగా పనిచేసే మనిషిని కదా.

"పోనీలెండి. పిల్లాడు కావాలని చెయ్యలేదు కదా. మా అమ్మ గుర్తు నాకది ఒక్కటే ఉండేది, అంతే," అన్నారు పిన్నిగారు. తిట్టినా బావుండేది.

అప్పుడు పడక్కుర్చీ పలికింది.

"పొద్దున్న నా కాఫీ గ్లాసులో ఏవో పెట్టి వంటింటి కిటికీలో పెట్టేవు. అవి పారేసేవా? ఇవాళంతా కప్పుతో తాగుతున్నాను."

ఆరోజు కోసిన పదకొండు మొగ్గలూ అమ్మకి చూపించి మెప్పు పొందుదామని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి పెట్టాను. పరిగెత్తాను. ఉన్నాయి. వాడిపోలేదు.

పొద్దు వాలుతుండగా ఆ మొగ్గలు గ్లాసులోనే ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి, ఇస్త్రీ జేబురుమాలు మడత విప్పుకున్నట్టు. పందిరి మీద రెండు ఆడపువ్వులూ సరిగ్గా అదే వేళకి విచ్చుకున్నాయి. గడియారం లేదు, చార్టు లేదు. ఆ వేళ ఎప్పుడో అమ్మకి తెలుసు, అప్పటికే చేతులు కడుక్కుని నిలబడి ఉంది. నేను పీట పట్టుకున్నాను. అమ్మ పీటెక్కి, ఒక మగపువ్వు రేకులు తుంచేసి, మిగిలిన పుప్పొడి కాడని ఆడపువ్వులో నిద్రపోయే పాప నుదుట బొట్టు పెట్టినంత మెల్లిగా అద్దింది. తర్వాత రెండోదానికి. మూడేళ్ళు పనిముట్ల గురించి చదివినవాణ్ణి, అంత కచ్చితమైన చెయ్యి అంతకుముందు చూడలేదు. పిన్నిగారు ఆడపెళ్ళివారి తరఫున నాలుగు అక్షింతలు వేశారు. నాన్న పందిట్లోకి వచ్చి నిలబడ్డారు, పేపరు లేకుండా.

మంగళవారం ఒక పిందె పసుపెక్కి రాలింది. బుధవారం ఉగాది. పొద్దున్నే పిన్నిగారు పచ్చడి గిన్నెతో వచ్చి పందిరి కింద తలెత్తారు. రెండోది నిమ్మకాయంత అయింది. పచ్చగా, నూగుతో మెరుస్తూ, కాడ బరువుకి కిందికి వంగి ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసి, "అది మా అమ్మే," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక ఆ చెప్పు తీసెయ్ బాబూ, పాదు భయపడుతుంది," అన్నారు.

ఆ కాయ వేసవంతా పందిరి మీదే ఎండింది. మరుసటేడు గోడకి రెండువైపులా పందిళ్ళు వేశారు.

ఇప్పుడు నేను ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాను. పనిలేకుండా కూర్చున్న భాగాలేవో కనిపెట్టి తీసేయించడం నా ఉద్యోగంలో ఒక భాగం. కనుక ఆ స్టీలు గ్లాసు సాక్షిగా, ఎనభై మూడు మంది పెళ్ళికొడుకుల ఆత్మశాంతి కోసం ప్రమాణం చేస్తున్నాను: యంత్రంలోగానీ, పెరట్లోగానీ, పడక్కుర్చీలోగానీ ఊరికే కూర్చున్నదేదైనా కనిపిస్తే, సాయంత్రం దాకా ఆగి చూడనిదే కత్తెర ముట్టుకోను.