తుడవని రంగు

అంజనప్ప చివరిగా చేసిన పని, కొబ్బరినూనె సీసా మూత బిగించి పాత పంచెముక్కతో పాటు సంచిలో పెట్టుకోవడం. నాటకం ఉన్నప్పుడల్లా చేసే పనే. ఆ రాత్రికి రొద్దంలో నాటకం. సంచి పక్కన పెట్టుకుని పెనుకొండలో తన ఇంటి అరుగు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అది 2004, ఎండాకాలం.

ధర్మవరంలో మగ్గం మీదున్న జయరాముడికి కబురు చేరింది. ఇరవై ఏళ్ళుగా దాయాదుల పోరు నాటకంలో ఇద్దరూ పగవాళ్ళు. తెల్లారేసరికి జయరాముడి గద దెబ్బకు అంజనప్ప కూలాలి. తెర పడ్డాక, చంపినవాడే చచ్చినవాడి ముఖాన రంగు నూనెతో తుడవాలని వాళ్ళ నాటక సమాజంలో ఆచారం. తుడిచాకే ఇద్దరికీ టీ.

అది తొంభై ఎనిమిదిలో ఆగిపోయింది. హిందూపురంలో వాలీబాల్ ఫైనల్. ఇద్దరూ ఎవరి ఊరి జట్టు వైపు వాళ్ళు. పెనుకొండ చేతిలో ధర్మవరం ఓడింది.

"ఏమప్పా జయరాముడూ, గద ఇంటికాడ మర్చిపోయొచ్చినావా?" అని అరిచాడు అంజనప్ప. జనం ఈలలేశారు. జయరాముడికి తల కొట్టేసినట్టయింది.

"నీ మొగానికి ఇంక నా చెయ్యి తగల్దు, పో!"

"ఆటకాడి మాట ఆటకాడే ఇడిసెయ్యబ్బా," అని నవ్వాడు అంజనప్ప.

జయరాముడు విడవలేదు. నాటకంలో పగ తెల్లారేసరికి తీరిపోతుంది, చచ్చినవాడు లేచి టీ అడుగుతాడు. ఆటలో పగకు తెర పడదు. ఏటేటా కప్పు, ఏటేటా ఈలలు. ఆరేళ్ళు, గద కింద పెట్టగానే తన రంగు తానే కడుక్కుని మొదటి బస్సెక్కి పోయాడు. ఈసారి మాత్రం రొద్దంలో తుడుద్దామనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

పెనుకొండ చేరేసరికి అంతా అయిపోయింది. అంజనప్ప భార్య బాలనాగమ్మ ఆ సంచి తెచ్చి అతని ముందు పెట్టింది. అతను సీసా బయటికి తీశాడు. నిండుగా ఉంది.

"ఈ ఆరేళ్ళూ అన్న రంగు ఎవురు తుడిచేటోళ్ళు వదినా?"

"ఎవురు తుడుస్తారప్పా? రంగు మొగంతోనే బస్సెక్కి వచ్చేటోడు. నేనే ఈడ తుడిచేదాన్ని. ఆడనే తుడుచుకోకూడదా, బస్సులో పిల్లోళ్ళు నగుతారు గదా అంటే, వాడు వస్తాడేమోనని సూస్తి అనేటోడు."

జయరాముడు సీసా కింద పెట్టలేకపోయాడు.

"నీ బస్సు కదిల్నంక గానీ, సీసా సంచిలో పెట్టేటోడు కాదంట."