జానెడు అక్షరాల శ్రీశైలం

మా శ్రీశైలానికి చిన్న అక్షరమంటే పడదు. కొందరికి వంకాయ పడదు, తింటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి చూడండి, అట్లా. అగ్గిపెట్టె చేతికిచ్చి దాని మీద పేరు రాయమంటే రాస్తాడు, కాదనడు. కాకపోతే సగం పేరే పడుతుంది. మిగతా సగానికి ఇంకో అగ్గిపెట్టె ఇమ్మంటాడు.

ఆరేళ్ల కిందటి మాట. ఇస్నాపూర్ దాటాక హైవే పక్కన, టైల్స్ షోరూమ్ పైన రెండంతస్తుల్లో మా డిజైన్ కాలేజీ ఉండేది. కింద టైల్స్ కోసే మిషను కీచుమంటుంటే, వెనకున్న అట్టడబ్బాల కంపెనీ దడదడలాడుతుంటే, మధ్యలో మేం పద్దెనిమిది మందిమి కూర్చుని లోగోలు గీసేవాళ్లం. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగిందంటే క్లాసంతా జిగురు వాసనే. ఇప్పుడు ఏసీ ఆఫీసులో కూర్చున్నానా, ఎప్పుడైనా కొరియర్ డబ్బా విప్పినప్పుడు ఆ వాసన తగిలిందంటే చాలు, నా ప్రాణం లేచిపోయి పటాన్‌చెరు బస్సెక్కుతుంది.

శ్రీశైలం కొండాపూర్ మండలం నుంచి వచ్చేవాడు. వాళ్ల నాయన యాదన్న ఆ వెనక కంపెనీలోనే అట్టలు కోసే మిషను మీద పనిచేసేవాడు. అందుకని మా ప్రాజెక్టులకు కావాల్సిన అట్టముక్కలన్నీ శ్రీశైలం ద్వారానే వచ్చేవి. ప్రింట్లు తెచ్చేదీ అతనే. పటాన్‌చెరులో ఫ్లెక్సీల షాపాయన యాదన్నకు దోస్తు. మేం ఫైళ్లు శ్రీశైలానికి ఇచ్చేసి హాయిగా చాయ్ తాగేవాళ్లం.

ఆఖరి ఏడాది దసరా సెలవుల దాకా మనిషి బాగానే ఉండేవాడు. అక్షరాలూ అందరిలాగే రాసేవాడు. సెలవులై వచ్చాక ఏ గాలి సోకిందో ఏమో, అక్షరాలు ఉబ్బడం మొదలెట్టాయి. పంక్చర్ షాపు మొగులయ్యకు విజిటింగ్ కార్డు చేయమంటే ముందుపక్క ‘మొగుల’ అని పెట్టి, ‘య్య’ను వెనక్కి పంపాడు. ఫోన్ నంబరుకు చోటెక్కడిది? పెదాలకు రాసుకునే మందు డబ్బా బొటనవేలంత ఉంటుంది. దాని మీద పేరు చదవాలంటే నాలుగు పక్కలా తిప్పాలి. తిప్పుతూ తిప్పుతూ మా క్లాసు భవాని అసలు పేరు ఎక్కడ మొదలైందో మరిచిపోయింది.

“శ్రీశైలం, ఇది డబ్బానా, ఆర్టీసీ బస్సు బోర్డారా?” అనేవారు రాంచందర్ సార్.

“జెర చిన్నగైందా సార్?” అని అడిగేవాడు వీడు, ఎంతో వినయంగా.

రాంచందర్ సార్ మాకు అక్షరాల పాఠం చెప్పేవారు. అక్షరం ఒంపు, బరువు, పక్క అక్షరానికి ఎంత ఎడం ఉండాలి, అదీ ఆయన సబ్జెక్టు. ఒకప్పుడు సంగారెడ్డిలో సగం షాపుల బోర్డులు ఆయన చేత్తో రాసినవే. పెద్ద డిగ్రీలేం లేవు. ఏటా జూన్‌లో కాంట్రాక్టు కాగితం చేతికొస్తేనే మరో ఏడాది ఉద్యోగం. ఈసారి ఆయన స్థానంలో సిటీ నుంచి ఎవరినో కుర్రవాణ్ణి తెస్తారని ఆఫీసులో గుసగుసలు. మా పనులు చూసి మార్కులేసే మార్చి జ్యూరీలో బయటినుంచి వచ్చే మేడం ఏమంటే అదే ఖాయమని ప్రిన్సిపాల్ అన్నట్టు కూడా విన్నాం.

సార్ మా డబ్బాలు చూసే తీరే వేరు. చెయ్యి బారజాపి చూసేవారు. మళ్లీ ముక్కు దాకా తెచ్చుకునేవారు. కిటికీ వైపు తిప్పేవారు. చివరికి కళ్లు మూసుకుని, “ఆహా! ఖాళీజాగ మాట్లాడుతుందే!” అనేవారు. కళాహృదయం అంటే ఇదీ అని మేం మురిసిపోయేవాళ్లం.

ఆ మురిపెంలో పెద్ద వాటా నాదే. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చిన్న అక్షరాలకు మా కాలేజీలో నేను మహారాణిని. తెల్లటి డబ్బా మీద లేత బూడిద రంగులో అక్షరాలు పోసేదాన్ని. చీమలు కూడా కళ్లజోడు అడగాలి, అంత చిన్నవి. సార్ వాటికి తొంభైకి తక్కువ ఎన్నడూ వెయ్యలేదు. శ్రీశైలానికి మాత్రం నలభై. ఎందుకంటే వాడి డబ్బా మీద ఉన్న తప్పులన్నీ సార్ టకటకా పట్టేసేవారు. “కుసుమనూనె అంటివి, ఎన్ని మిల్లీలీటర్లురా? తయారీ తేదీ ఏది? గీ తామర పువ్వెందుకు, కుసుమ పువ్వుకేం రోగం?” అని ఒక్కొక్కటీ ఏరి చూపించేవారు. వీడు తల గోక్కుంటూ నిలబడి, ఎందుకోగాని, సంబరపడేవాడు.

“నీకు జెరంత సోయి ఉన్నదా?” అన్నాన్నేను ఓసారి. “జెర చిన్నగ రాస్తే నీ తప్పులు ఎవలకు కనబడయ్. పాసైతవ్.”

“కనబడాలె గద నిహారికా,” అన్నాడు. ఇక వీడితో ఏం మాట్లాడతాం!

జ్యూరీ రోజు మా కాలేజీలో ఒక ఆచారం ఉంది. ప్రతి విద్యార్థీ తన డబ్బా పక్కన ఒక కాగితం అంటించాలి. డబ్బా ముందూ వెనకా ఉన్న మాటలన్నీ ఆ కాగితంలో ఉంటాయి. గైడు, మాకైతే రాంచందర్ సార్, నిలబడి, కొట్లో సరుకు కొనే మనిషిలాగా, దాన్ని పైకి చదవాలి. విద్యార్థులు భయంతో నత్తి కొడతారని పెట్టిన ఏర్పాటది. నవంబర్ జ్యూరీలో సార్‌కు గొంతు పట్టేసి, మాచేతే చదివించారు. ఈసారి ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు, సారే చదవాలని.

నాది అల్లం మురబ్బా. మూడు నెలల తపస్సు. ముందురోజే అందరం ఆ కాగితాల ఫైళ్లు ప్రింటు కోసం శ్రీశైలానికి ఇచ్చాం. తెల్లవారి తొమ్మిదింటికి జ్యూరీ గది తలుపు తీశాను. గోడల నిండా ఫ్లెక్సీలు! పద్దెనిమిది! ఒక్కోటీ తలుపంత ఉంది. అది జ్యూరీ గదిలా లేదు, లీడర్ పుట్టినరోజు నాటి చౌరస్తాలా ఉంది. నా లేత బూడిద అక్షరాలు బొగ్గులాగా నల్లబడి, ఒక్కోటీ జానెడు పొడుగున, నా మీదికి ఉరికొస్తున్నాయి. ఆ గోడ కింద శ్రీశైలం కూర్చుని, తన కుసుమనూనె డబ్బాకు ఆదరాబాదరాగా జిగురు పూస్తున్నాడు. మా ఫ్లెక్సీలు కట్టేసరికి తన డబ్బా అంటించుకునే టైం లేదట.

“ఏం జేసినవ్ రా?” అని అరిచాను. “నా మూడు నెల్ల కష్టం! నిన్ను నమ్మి ఫైలిస్తే బజార్ల పడేస్తివి గద!”

“జెర చిన్నగైనయా?” అన్నాడు తల ఎత్తకుండా.

చేతిలో ఉన్న స్కేలుతో కొట్టేదాన్నే. భవాని నా చెయ్యి పట్టుకుంది. అంతలో మేడం, ప్రిన్సిపాల్, వెనక రాంచందర్ సార్ లోపలికొచ్చారు.

సార్ మొహం చూశాను. పాలిపోయి ఉంది. గొంతుకు ఉన్ని మఫ్లర్ చుట్టుకుని ఉన్నారు, మార్చి ఎండలో! గోడ వైపు చూసి ఒక్క క్షణం ఆగారు. తరువాత నెమ్మదిగా ఆ మఫ్లర్ తీసి జేబులో కుక్కుకున్నారు. చదవడం మొదలెట్టారు.

ఏం చదివారండీ! తడబాటు లేదు, తత్తరపాటు లేదు. కొట్లో సరుకు కొనే ముసలమ్మలా ఒకదాన్ని, బేరమాడే కోడలిలా ఇంకోదాన్ని చదివారు. మేడం నవ్వుతూ రాసుకుంటోంది. నా వంతు వచ్చింది. “అసలైన అల్లం మురబ్బా. అమ్మ చేతి ఘాటు,” అని మొదలెట్టి వెనక అట్ట మాటల్లోకి వచ్చారు. “బయటి వాడకానికి మాత్రమే. కళ్లలో పడితే చల్లటి నీళ్లతో కడుక్కోండి...”

సార్ ఆగారు.

“నిహారికా,” అన్నారు సార్. “మురబ్బా తినాల్నా బిడ్డా, ఒంటికి రుద్దుకోవాల్నా?”

అంతకుముందు చేసిన సబ్బు ప్రాజెక్టు వెనక అట్టను కాపీ చేసి ఇక్కడ పెట్టుకున్నాను, మార్చడం మరిచిపోయాను. మూడు నెలలు నేను చూడలేదు. తొంభై రెండు మార్కులేసిన సారూ చూడలేదు. ప్రిన్సిపాల్ కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం భూమి చీలి టైల్స్ షోరూమ్‌లో పడిపోతే బాగుండుననిపించింది.

అందరివీ అయ్యాక మేడం లేచింది. “ఎన్నో కాలేజీలు చూశాను. గైడులు డబ్బా అందం చూస్తారు. ఒక్క మాట వదలకుండా చదివిన గైడును ఇక్కడే చూస్తున్నా. ఈయన్ని వదులుకోకండి,” అంది ప్రిన్సిపాల్‌తో. ప్రిన్సిపాల్ వెంటనే, “అయ్యో, ఎట్ల వదులుకుంటం మేడం!” అన్నారు, గుసగుసలన్నీ మేమే పుట్టించినట్టు.

ఇక శ్రీశైలం డబ్బా. జిగురు ఆరక, మేడం చేతిలోనే నాలుగు పక్కలా విచ్చుకుంది. ముప్పై ఎనిమిది మార్కులు.

మధ్యాహ్నం మెట్ల మీద పట్టుకుని నిలదీశాను. చాలాసేపు నసిగి చెప్పాడు.

“దసరాకు మా నాయనమ్మ మల్లవ్వను కంటి దవాఖానకు తోల్కపోయిన. లైన్ల మా ముంగట సారు ఉండె. రెండు కండ్లల్ల మోతిబిందు, పొరలు కమ్మినయట. జల్దీ ఆపరేషన్ జేపిచ్చుకోమంటుండు డాక్టరు. ‘జూన్ల కాగితం చేతికొచ్చినంక జేపిచ్చుకుంట సార్, కండ్లు కనబడనోనికి అక్షరాల నౌకరి ఎవడిస్తడు?’ అన్నడు సారు. నేను స్తంభం ఎన్కకు జరిగిన. నన్ను జూస్తే ఆయన మనసుకు ఎట్లుంటది చెప్పు.”

చెయ్యి జాపడాలూ, కిటికీ వైపు తిప్పడాలూ, ‘ఖాళీజాగ మాట్లాడుతుందే’లూ అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. నా తొంభై రెండు మార్కులు ఎక్కడివో అప్పటికి తెలిసింది.

“మరి నీ మార్కులు? అన్నిసార్లు తిట్లు తింటివి గద!”

“మీరందరు సారుకు చూపిస్తుండ్రి,” అన్నాడు శ్రీశైలం. “సారుకు చదువుడు అంటే పానం. ఒక్కడిదన్న చదవనియ్యాలె గద.”

నాకు వాణ్ణి కొట్టాలనీ అనిపించింది, దండం పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా వాడికి చాయ్ ఇప్పించాను. సాయంత్రానికి సంగతి మిగతా పదహారు మందికీ తెలిసిపోయింది. నా నోరు సంగతి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

వారం తరువాత మూడేళ్ల పనంతా పుస్తకంగా కట్టి ఇవ్వాలి. ఎవరూ ఎవరితో ఏమీ అనుకోలేదు. తీరా చూస్తే అందరి అక్షరాలూ ఉబ్బి, పద్దెనిమిది పుస్తకాలూ ఇటుకల్లా తయారయ్యాయి. బైండింగ్ చేసే ముత్యమ్మ సూది విరిగిందని మా మీద గయ్యిమంది. రెండు ఆటోల్లో తెచ్చి సార్ టేబుల్ మీద పేర్చాం. సార్ పైదాన్ని తెరిచి, ఇంకోదాన్ని తెరిచి, మా అందరినీ వరుసగా చూశారు.

“ఏమైందే మీకందరికి? వానికున్న తెగులు మీకు గూడ అంటుకున్నదా?” అన్నారు. ఎర్ర పెన్ను తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, మధ్యమధ్య తనలో తాను నవ్వుకుంటూ, సాయంత్రం దాకా చదువుతూనే ఉన్నారు.

నా పుస్తకంలో ఇరవై మూడు తప్పులు దొరికాయి. అంత సంతోషంగా మార్కులు పోగొట్టుకున్నది నా జన్మలో ఆ ఒక్కసారే.