పదును ఆరకముందే

మా పెళ్ళయిన వేసవి ఇంకా పూర్తిగా దాటలేదు. ఎనభైల మొదట్లో మాట. నా భర్త ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నవ్వుకుంటూ వచ్చాడు. ఆయన బెంగుళూరులో ఒక హోటళ్ళ కంపెనీలో లెక్కలు చూసేవాడు. ఆ కంపెనీకి కేరళలో, పెద్ద సరస్సు ఒడ్డున కొబ్బరితోటల మధ్య రిసార్టు ఉంది. వానాకాలంలో అక్కడికి డబ్బున్నవాళ్ళు రారట, అందుకని కొత్తగా పెళ్ళయిన ఉద్యోగులను ఒక వారం ఉచితంగా ఉండి రమ్మన్నారట.

"దొరలు దిగే చోటు, తెలుసా?" అన్నాడు.

"వానాకాలంలోనా?" అన్నాను.

మాది కుందుర్పి దగ్గర పల్లె. వానను నమ్ముకుని శెనక్కాయ వేసే మెట్ట చేను. మొదటి గట్టి వాన పడ్డాక నేలలో పదును, అంటే విత్తేందుకు కావలసిన తడి, నిలిచేది రెండు మూడు రోజులే. ఆలోపు విత్తనం పడితే పడినట్టు, లేకపోతే మళ్ళీ ఆకాశం వంక చూస్తూ కూర్చోవాలి. ఒలిచి పెట్టుకున్న విత్తనమేమో అంతకాలం ఆగదు, పుచ్చిపోతుంది.

మా ఇంట్లో విత్తే గొర్రు వెనక నడుస్తూ, దాని మీదున్న, విత్తనాలు చాళ్ళలోకి జారే జడ్డిగం గిన్నెలో మొదటి పిడికెడు పోసేది నేను. అంతకుముందు అమ్మ పోసేది. నా చిన్నప్పుడు ఒక ఏడాది ఆమె వేసిన పంట ఎండిపోయింది. నాయన ఆమె చెయ్యి మంచిది కాదని తేల్చేసి, మరుసటేడు విత్తనాలు నా ఒడిలో పోశాడు. ఆ ఏడు ఇల్లంతా కాయలే. ఇంకేముంది, నా చెయ్యి బంగారమైపోయింది, అమ్మ గట్టు మీదికి పోయింది. పెళ్ళి చేసి పంపేటప్పుడు కూడా నాయన దిగులు పడలేదు. కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింటికి వస్తుంది కదా. "అప్పటికి వాన గూడా వచ్చాదిలేమ్మా, నువ్వే విత్తనం పోద్దువు" అన్నాడు.

మేము కేరళకు పోయింది ఆషాఢానికి సరిగ్గా వారం ముందు. ఆ వారంలో గనక మా ఊళ్ళో వాన పడితే నాయన నాకోసం కాచుకుంటాడు. కాచుకున్నంతసేపూ పదును ఆరిపోతుంది. అంత మొండిమనిషి. నాకున్న భయమంతా అదే.

రిసార్టు నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. పెంకుల కప్పుతో విడివిడి ఇళ్ళు, గుమ్మం ముందే నీళ్ళు, గోడల మీద కూడా మొక్కలు మొలిచేంత పచ్చదనం. స్నానాల గదిలో మనిషి పడుకునేంత తెల్లటి తొట్టి. మొదటి సాయంత్రమే నేను దాన్ని అంచుల దాకా నింపి పెట్టాను.

"ఎందుకిది?" అన్నాడు నా భర్త.

"రేపు నీళ్ళు రాకపోతే?"

బయట కుండపోతగా కురుస్తోంది. ఆయన ఆ వారమంతా ఆ మాట తలుచుకుని నవ్వాడు. ఆయన పెద్దలది సోమందేపల్లె అయినా ఆయన పుట్టి పెరిగింది బెంగుళూరులో. నీళ్ళకోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న బతుకు కాదు ఆయనది.

ఆ వాన చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరు అడిగారు దాన్ని? సరస్సు నిండింది, కాలువ నిండింది, కొబ్బరిచెట్ల మొదళ్ళు మునిగాయి, ఇంకా కురుస్తూనే ఉంది. ఈ మేఘాలే కనుమలు దాటి మా వైపు వస్తాయని బళ్ళో చదువుకున్నాను. ఉన్నదంతా ఇక్కడే కుమ్మరించుకుని మాకు ఉత్త చేతులతో వస్తున్నాయన్నమాట. అయినా వసారాలో నిలబడి గాలి ఎటు పోతోందో చూడకుండా ఉండలేకపోయేదాన్ని. మా ఊళ్ళో పడొద్దని కోరుకోలేను, పడమనీ కోరుకోలేను.

నూనెతో ఒళ్ళు పట్టే ఒకావిడ ఉండేది. నా భుజాలు నొక్కి, నొక్కి, ఏదో అని తల అడ్డంగా ఊపింది. మలయాళం రాకపోయినా అర్థమైంది. భుజాలు దించమంటోంది. అవి నా మాట కూడా వినడం లేదు.

ఒకరోజు పొద్దున పలహారం దగ్గర నా భర్త ఇంగ్లీషు పేపరు చూస్తూ మొహం విప్పార్చుకున్నాడు. "మీ అనంతపురం వైపు మంచి వానలంట. ఇప్పుడన్నా నవ్వుతావా?"

నా చేతిలో అరటిపండు ముక్క అట్లాగే ఉండిపోయింది. అది ముందురోజు పేపరు. అంటే వాన అంతకంటే ముందే పడింది.

"మనం ఇప్పుడే పోవల్ల," అన్నాను.

"నువ్వు లేకపోతే విత్తనం పడదా?"

"పడదు. మా నాయన పడనీడు."

"టెలిగ్రాం ఇద్దాం. నీకోసం చూడొద్దని."

"టెలిగ్రామంటే మా ఊర్లో చావు కబురు. అది చూసినాక ఎవురు గొర్రు కడతారు? విప్పి చదివించుకునేలోగా నన్ను తలుచుకొని ఏడ్చుకుంటా కూచుంటారు."

ఆయనకు కోపం వచ్చింది, న్యాయమే. జీవితంలో మళ్ళీ దొరకని వారం అది. అయినా లేచి పెట్టె సర్దాడు. ఆ క్షణంలోనే నాకు ఆయన మీద ప్రేమ పుట్టిందనుకుంటాను.

రైలు, బస్సు, మళ్ళీ బస్సు. కళ్యాణదుర్గం దాటాక కిటికీలోంచి నేల రంగే చూస్తూ కూర్చున్నాను. పైన ఎర్రటి మట్టి అప్పటికే తెల్లబారుతోంది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా చేలోకి నడిచాను.

చేను విత్తి ఉంది. గొర్రు చాళ్ళు మూసి, పైన మట్టి చదును చేసే గుంటక తోలి, ఎక్కడా వంక లేదు. అక్కడే కూర్చున్నాను. నా భర్త పెట్టెతో గట్టు మీద నిలబడి, "పడింది కదా విత్తనం," అన్నాడు మెల్లగా.

ఇంటి దగ్గర అమ్మ కాళ్ళకు ఆముదం రాసుకుంటోంది.

"ఎవురు పోసినారమ్మా?"

"నేనే. మీ నాయన వాన పడిన పొద్దు నుంచి నీకోసం బస్సుల కల్లా చూస్తాండె. పదును నీ కూతురు వచ్చేదాకా కాచుకోనుంటాదా అంటి. నీ పాత ఓణీ నడుముకు కట్టుకొని పోసినా."

"నాయన ఏమనె?"

"ఏమంటాడు. గొర్రు పట్టుకొని నడిచినాడు."

విత్తనం పడిందన్న నిమ్మళం ఒక పూట కూడా నిలవలేదు. మొలుస్తుందా అన్న భయం పట్టుకుంది. నా భర్త బెంగుళూరు వెళ్ళిపోయాడు. నాయన, నేను పొద్దున్నే ఒకరికి తెలియకుండా ఒకరం చేలోకి పోయి అక్కడ ఎదురుపడేవాళ్ళం. అమ్మ ఒక్కతే అటు తిరిగి చూడలేదు.

మొలకలు మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా ఎత్తిన పొద్దున నేను పరుగెత్తుకు వచ్చి చెప్పాను. అమ్మ పిండి చేతులు తుడుచుకుని నా వెంట వచ్చింది. నాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. అమ్మ ఆయనను దాటుకుని చాళ్ళలోకి దిగి, వంగి, ఒక మొలక మీది మట్టి వేలితో తప్పించింది. నాకు ఏడుపొచ్చింది. పంట దక్కిందని సంతోషం, నా చెయ్యి ఇక అక్కర్లేదని చిన్న నొప్పి, రెండూ ఉన్నాయి అందులో.

అమ్మ నా వైపు తిరిగింది గానీ, గట్టు దాకా వినపడేటట్టే అనింది.

"ఆ యేడు వాన రాలేదు మే. అంతే. నా చెయ్యికేమయింది?"